మూడో హలోకి ముందు

పిన్ని పోయిందని ఆవిడ కూతురు ఆస్పత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను ఉర్లాలో, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉన్నాను. లారీల చప్పుడు. ఏమనాలో తోచలేదు. "హలో" అంది ఆ అమ్మాయి. "హలో, అన్నయ్యా" అంది మళ్ళీ. మూడోసారి అననివ్వకూడదని గుర్తొచ్చి, "ఉన్నానమ్మా, లైన్లోనే ఉన్నాను" అన్నాను.

మూడోసారి ఎందుకు అననివ్వకూడదో మన తెలుగు సంఘంలో కొందరికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఫ్యాక్టరీలో ఏ రోజు లెక్క ఆ రోజు రాసుకోవడమే తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. గుఢియారిలో మా ఎదురిల్లు. మా అమ్మది శ్రీకాకుళం, ఆవిడదీ శ్రీకాకుళమే, అందుకని పిన్ని. రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఆవిడ చేరిన రోజుల్లో బోర్డు ముందు కూర్చుని లైన్లు చేత్తో కలిపేవారట. తిల్దా నుంచి స్టేషన్ మాస్టరు ఎవరో ఆఫీసరుగారిని అడుగుతాడు. ఆఫీసరు దొరికేదాకా ఇతని చెవిలో ఏ శబ్దమూ ఉండదు. మొదటి హలో మామూలుగా అంటాడు. రెండోది గట్టిగా అంటాడు. మూడోది అనేసి ఫోన్ పెట్టేస్తాడు.

"అందుకే మధ్యమధ్యలో 'ఉన్నామండీ, చూస్తన్నామండీ' అంటా ఉండేదాన్ని. ఆఫీసరు ఎప్పుడో వస్తాడు. ముందు ఇవతల మనిషున్నారని తెలియాల కదా నాన్నా" అనేది.

ఇంట్లోనూ అంతే. మోకాళ్ళ నొప్పులు, గదిలోంచి గేటు దాకా రావడానికి చాలాసేపు పట్టేది. కానీ మనం గేటు తట్టీ తట్టకముందే, వంటింట్లో ఉన్నా పెరట్లో ఉన్నా, "వస్తన్నా" అనే మాట ముందు వచ్చేది. ఆ తర్వాత ఎంతసేపు నిలబడినా మనకు విసుగనిపించేది కాదు.

మన సంఘానికి వెబ్ పేజీ పెట్టిన రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. బజారులో ఒక షాపువాళ్ళ చేత చేయించారు. హాల్లో పెద్ద తెర మీద, కొత్త కంప్యూటరులో తెరిచి చూపించారు. రెప్పపాటులో వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. పైన శాలువా, పూలదండతో మన అధ్యక్షులవారు, కింద కమిటీ సభ్యులు, వాళ్ళ కిందెక్కడో రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లూ ఫోన్ నంబర్లూ.

ఆ ఏడే బీర్‌గావ్‌లో ఉండే మనవాడొకతని భార్యకు కాన్పు కష్టమైంది. రక్తం కావాలన్నారు. అతను పనిచేసేది రోలింగ్ మిల్లులో. చేతిలో ఉన్నది బాగా చౌక ఫోను. ఎవరో చెబితే మన పేజీ తెరిచాడు. తెల్లగా వచ్చింది. మూసి మళ్ళీ తెరిచాడు. మళ్ళీ తెలుపే. అందులో ఏమీ లేదనుకున్నాడు. చివరికి ఎవరి మోటార్ సైకిలో అడిగి, రక్తమిచ్చేవాళ్ళందరినీ ఎరిగిన పిన్ని ఇంటికి వచ్చాడు. పిన్ని వరసగా ఫోన్లు చేసింది. ఇద్దరు వెంటనే బయల్దేరారు. వాళ్ళు చేరేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డ దక్కింది. తల్లి దక్కలేదు.

ముందే వచ్చినా ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరు అన్నాడట. పేజీ వల్లనే అని ఎవరూ అనలేదు. అతనూ అనలేదు.

కర్మలన్నీ అయ్యాక పిన్ని అతన్ని పిలిపించి ఫోన్ అడిగింది. నేనూ అక్కడే ఉన్నాను. బల్ల మీద పెట్టి మన పేజీ తెరిచింది. తెల్లటి తెర. దాని మీదికి వంగి, నెమ్మదిగా "హలో" అంది. కాసేపాగి మళ్ళీ "హలో" అంది. మూడోది కూడా అంది. ఇంకా తెలుపే. ఆ తర్వాత చాలాసేపటికి అధ్యక్షులవారి పూలదండ పైనుంచి కొంచెం కొంచెంగా దిగడం మొదలైంది. అతను అటు చూడకుండా గోడ వైపు తిరిగాడు.

అతను వెళ్ళిపోయాక పిన్ని నాతో అంది: "నువ్వు సొంతంగా ఈ పేజీలవీ నేర్చుకున్నావు కదా. ఇదేటో తేల్చు."

తర్వాతి ఆదివారం నుంచి ఆవిడ భోజనాల బల్ల ఎక్స్ఛేంజి బోర్డులా తయారైంది. తన పాత కంప్యూటరు, కోశాధికారిగారి కొత్త ఫోను, పాలవాడి ఫోను, పనమ్మాయి అద్దం పగిలిన ఫోను, ఇంకా బీర్‌గావ్ నుంచి అడిగి తెచ్చినవి, అన్నీ వరసగా. అన్నిటికీ ఒకే నెట్టు, ఒకే పేజీ. ఒక్కొక్కటే తెరవడం, హలోలు లెక్కపెట్టడం. వాచీ చూద్దామన్నాను. వద్దంది. సెకన్లు మనకే గానీ కాచుకున్నవాడికి కాదంది.

కొత్త ఫోనులో మొదటి హలో పూర్తవకముందే పేజీ వచ్చేసేది. కంప్యూటరులో రెండోది అంటూండగా వచ్చేది. చౌక ఫోన్లలో మూడోది దాటిపోయేది. అదే చౌక ఫోనులో వేరే బ్రౌజరు వేసి చూస్తే కొంచెం ముందు వచ్చేది. నెట్టు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఏమిటని అడిగింది. వచ్చేది అందరికీ ఒకటే, దాన్ని విప్పి తెర మీద గీసుకోవడం ఏ ఫోను పని ఆ ఫోనుదే, పెద్ద ఫోటోలూ హంగులూ ఉంటే చిన్న ఫోను అక్కడే ఆగిపోతుందని చెప్పాను.

"బేచారా, పాపం, దానికెక్కడిది దమ్ము" అంటూ పనమ్మాయి ఫోను మీద చెయ్యి వేసింది.

కమిటీ మీటింగులో ఈ సంగతి పెడితే అధ్యక్షులవారు కష్టపెట్టుకున్నారు. తన దండ మీద పిన్నికి కోపమేమిటని అడిగారు.

"దండ మీద కోపం లేదండీ" అంది పిన్ని. "మీరు దిగేదాకా రక్తమిచ్చేవాళ్ళంతా మీ వెనకాల మెట్ల మీద నిలబడున్నారు. అదీ నా బాధ."

అందరికన్నా ముందు నవ్వింది ఆయనే. ఫోటో అడుగుకు పోయింది. పేర్లూ నంబర్లూ పైకి వచ్చాయి. అన్నిటికన్నా ముందు, ఏ ఫోనులోనైనా మొదట కనబడేలా ఒక్క మాట ఉండాలని పట్టుబట్టింది. మన పేజీ "ఉన్నామండీ" అని ఎందుకు మొదలవుతుందో అడిగినవాళ్ళకు ఇదే జవాబు.

కొన్నేళ్ళు బాగానే నడిచింది. తర్వాత పాత ఫోన్లలో ఆ మాట కూడా రావడం మానేసింది. ఈ బ్రౌజరు పాతదైపోయిందని ఏదో వచ్చి ఆగిపోయేది. నేను పేజీని ఎంత తేలిక చెయ్యగలనో అంతా చేశాను. తీసెయ్యడానికి ఇంక అందులో ఏమీ మిగల్లేదు. లోపలికి రానివ్వనిది ఫోనే అయినప్పుడు మనం చేసేది లేదని చెప్పాను. పిన్ని ఆలోచించి, "అయితే 'పేజీ రాకపోతే మా ఇంటికి ఫోన్ చెయ్యండి' అని మొదటి లైనులో రాసెయ్" అంది. పేజీయే రానివాడు అది ఎలా చదువుతాడు పిన్నీ అన్నాను. ఒక్క క్షణం నా వైపు చూసి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మర్నాడు తన నంబరు కాగితాల మీద రాయించి బీర్‌గావ్ టీ కొట్లలో, మందుల షాపుల్లో అంటింపించింది. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఫోను ప్రస్తుతానికి మా ఇంట్లో ఉంది. మోగితే తీస్తున్నాను. ఆవిడలా మాట్లాడటం నాకు చేతకాదు.

మొన్న పిన్నికి పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. సాయంత్రం ఒక్కొక్కరినే లోపలికి పంపేవారు. మాట పోయింది, వినబడుతోందో లేదో తెలియదు, పిలిచి చూడమని నర్సు చెప్పింది.

"పిన్నీ" అన్నాను.

ముఖంలో మార్పేమీ లేదు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, పైకప్పు వైపు. చెయ్యి దుప్పటి మీద బోర్లా పడి ఉంది. కాసేపాగి కొంచెం గట్టిగా పిలిచాను. పక్క మంచం దగ్గరివాళ్ళు తిరిగి చూశారు. పిన్ని చూడలేదు.

నర్సు ఇంకోసారి పిలవమంది.

నేను పిలవలేదు. సమయం అయిపోయిందని చెప్పేదాకా మంచం కడ్డీ పట్టుకుని, ఆవిడ పెదవుల వైపే చూస్తూ నిలబడ్డాను.