ముందే ఎర్రబడిన పసుపు కాగితాలు

మొన్న సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు, వనపర్తిలో మా ఇంటి వసారాలో కూర్చుని మనవరాలు తను కొనుక్కొచ్చిన లిట్మస్ కాగితాన్ని నిమ్మరసంలో ముంచింది. నీలం ఎర్రగా మారగానే ‘ఆమ్లం’ అని రాసుకుని పేజీ తిప్పేసింది. అంత తొందరగా అయిపోయిన ఆ పాఠం నాకు ఎంత నెమ్మదిగా వచ్చిందో తలుచుకుంటూ నేను అక్కడే కూర్చుండిపోయాను.

నేను ఏడో తరగతి చదివింది పాన్‌గల్ దగ్గరి పల్లెలో. మా బడిలో సీసాలూ లేవు, లిట్మసూ లేదు. గద్వాల నుంచి వచ్చిన మా సైన్సు సారు దానికి ఏనాడూ విసుక్కోలేదు. తెల్లకాగితానికి పసుపునీళ్ళు పట్టించి ఆరబెట్టి తెమ్మన్నారు. క్షారం తగిలితే అది ఎర్రబడుతుందని, ఆ సంగతి మర్నాడు సున్నపునీళ్ళతో చూపిస్తానని చెప్పారు. అందరి కాగితాలూ పచ్చగా వచ్చాయి. నావి మాత్రం ముందే ఇటుక రంగులో ఉన్నాయి.

“నువ్వు పసుపు దెచ్చినవా, కుంకుమ దెచ్చినవా?” అని పక్క పిల్ల వెక్కిరించింది.

సారు నవ్వలేదు. “ఏ నీళ్లల్ల కలిపినవ్ బిడ్డా?” అని అడిగారు.

మంచినీళ్ళు దూరపు బావి నుంచి మోసుకురావాలి కనుక, బట్టలుతకడానికి అమ్మ చౌడుమన్ను నానబెట్టిన కుండలోంచి పైన తేరిన నీళ్ళు వంచుకున్నాను. అవీ అద్దంలా తేటగానే కనిపించాయి మరి. ఆ మాట చెప్పగానే సారు సున్నం పక్కన పెట్టి, ఆ కుండ నీళ్ళే తెప్పించి, ఆ రోజు పాఠం నా పొరపాటుతోనే మొదలుపెట్టారు.

పాఠం సగంలో మా నాన్న వచ్చాడు.

“పిల్ల పేరు కొట్టేయుండ్రి సార్. రేపు మేస్త్రీ లారీ వస్తది, కాలువ పనికి పోతున్నం. ఆడ చిన్నోన్ని ఎత్తుకోనీకె మనిషి లేదు.”

“పేరు కొట్టుడెంత సేపు? జర కూసో. నీ బిడ్డ ఏం జెప్తదో ఇను.”

నేను ఎర్ర కాగితం మీద నిమ్మచుక్క వేశాను. పచ్చబడింది. చౌటినీళ్ళ చుక్క వేశాను. మళ్ళీ ఎర్రబడింది. నీళ్ళలోని క్షారాన్ని పులుపు విరిచేస్తుందని, చౌడు ఎక్కువైతే మళ్ళీ క్షారానిదే పైచేయి అవుతుందని, నాకు తెలిసినంత చెప్పాను. నాన్న నిమ్మచెక్క తన చేతిలోకి తీసుకుని తానే పిండి చూశాడు. మా రెండెకరాల చెలక చౌడు పట్టి గింజ పండకనే కదా ఆయన ఏటా లారీ ఎక్కేది.

“మా సౌటి చెలక గూడ గిట్ల ఇరుగుతదా సార్?”

“జిప్సం ఏస్తరంటరు. ఎంత ఎయ్యాలె, ఎన్నేండ్లు వడ్తది, నాకు తెల్వదు. ఆమె సదివితె ఆమెనే జెప్తది.”

పల్లెలో సారు మాటంటే శాసనంగా ఉన్న కాలంలో, తరగతి నిండా పిల్లలుండగా ‘తెల్వదు’ అన్న ఆ మనిషి మీద నాకు కలిగిన గౌరవం, తరువాత నేను నాగర్‌కర్నూల్‌లో రసాయనశాస్త్రం బోధించిన ఏళ్ళన్నింటిలోనూ తగ్గలేదు. నాన్న లేచి నిలబడ్డాడు.

“ఉండనీయుండ్రి. నాయనమ్మ కాడ ఉంటది.”

మర్నాడు అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని లారీ ఎక్కింది. ఆమెతో పోవలసింది నేను.

ఇప్పుడు రంగు మారితే దానికి పేరు పెట్టి పేజీ తిప్పేస్తున్నారు. మాకు ఆ రంగు వెనక ఒక చెలక ఉండేది, ఒక లారీ ఉండేది. జిప్సం లెక్క నాకు పూర్తిగా తెలిసేనాటికి ఆ చెలక మాది కాకుండా పోయింది. నేను బడిలో మిగిలినందుకు పోయినవి ఇవి: అమ్మ దగ్గర మూడేళ్ళు, తమ్ముడి మొదటి అడుగు, వాడి మొదటి మాట.