మధ్యలో ఆగిన డిస్కు

మొన్న ఆదివారం మధ్యాహ్నం గచ్చిబౌలిలోని మా ఫ్లాట్లో నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతూ ఉంటే, మా అమ్మాయి బల్లకు ఆ చివర తన ల్యాప్‌టాప్ పెట్టుకుని, అది ఈ మధ్య మరీ మొరాయిస్తోందనీ, అందులో ఉన్నవన్నీ తుడిచేసి ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ మొదటినుంచి వేసుకుంటున్నాననీ చెప్పింది. చెప్పిందే గాని సాయం అడగలేదు. వేలిగోరంత పెన్‌డ్రైవ్ ఒకటి గుచ్చి, రెండు మూడుసార్లు ఏదో నొక్కి, ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. నా గోరుచిక్కుళ్ళు సగం కూడా కాకముందే, అయిపోయిందమ్మా అని మూత వేసి లోపలికి వెళ్ళిపోయింది. ఒకప్పుడు ఇదే పని చేసి జీతం తీసుకున్న మనిషిని ఎదురుగానే ఉన్నానన్న సంగతి దానికి గుర్తు రాలేదు. నాకు కాస్త ఉడుకుమోత్తనం వచ్చిన మాట నిజం.

మా తరంలో ఈ కొలువులు చేసినవాళ్ళకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు, అప్పట్లో ఒక కంప్యూటర్‌ను తుడిచి మళ్ళీ నిలబెట్టడమంటే ఇంటికి సున్నం వేయించుకోవడమంత పని. సామానంతా ముందు బయట పెట్టుకోవాలి, సి డ్రైవ్‌లో ఏముందో డి డ్రైవ్‌లో ఏముందో నాలుగుసార్లు అడిగి రూఢి చేసుకోవాలి, డిస్కు పెట్టి నీలం తెర మీద తెల్లక్షరాలు కనబడేదాకా ఊపిరి బిగబట్టాలి, ఆ తరవాత పసుప్పచ్చ గీత ఒకటి చీమలాగా కదులుతూ ఉంటే దాన్నే చూస్తూ కూర్చోవాలి. అంతా అయ్యాక తీరా చూస్తే పాట వినబడదు, దానికి వేరే డిస్కు. హైటెక్ సిటీలో నేను పనిచేసిన ఆఫీసులో మేనేజరు ఒకాయన ఉండేవారు, శుక్రవారం రాహుకాలం దాటితే తప్ప తన ల్యాప్‌టాప్ మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. విదేశాల వాళ్ళతో గంటలు గంటలు ఇంగ్లీషులో వాదించే మనిషి, డిస్కు పెట్టే ముందు మాత్రం గోడ గడియారం చూసి, ఇంకాసేపు ఆగుదామమ్మా అనేవారు. మేము వెనక నవ్వుకునేవాళ్ళం గాని, మాకూ లోపల అంతో ఇంతో ఆ బెదురు ఉండేది.

నాకు ఈ విద్య నేర్పింది మా బావ. మాది కడప జిల్లా. అక్కకు పెళ్ళయి హైదరాబాదు వచ్చిన రెండేళ్ళకు నేను డిగ్రీ ముగించి వాళ్ళ దగ్గరికే వచ్చి పడ్డాను. నానక్‌రామ్‌గూడ అప్పటికింకా ఊరే. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడు రాళ్ళగుట్టలూ సీతాఫలం చెట్లూ ఉండేవి, షేర్ ఆటో దిగి గేదెలను తప్పించుకుంటూ ఇంటికి నడిచేవాళ్ళం. రెండు గదుల కిరాయి ఇల్లు. ఇంటి ఓనరమ్మ ఆ ఊరి మనిషే, పాడి ఉన్న కుటుంబం, మేము పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. బావ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాడు. ఆఫీసు నుంచి వచ్చాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మరదలని కూడా చూడకుండా, తప్పు చేస్తే స్కేలుతో బల్ల మీద కొడుతూ కంప్యూటర్ నేర్పాడు. ఆయన చెప్పిన పాఠంతోనే నాకు కంప్యూటర్లు బాగుచేసే హెల్ప్ డెస్కులో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో బావకు చొక్కా కొంటే, రంగు బాగాలేదని వెక్కిరించి, వారం పొడుగునా అదే వేసుకుని తిరిగాడు.

ఆ తరవాత ఎక్కడో అమెరికాలో వ్యాపారాలు పడిపోయాయన్నారు, ఇక్కడ మనుషుల ఉద్యోగాలు ఊడడం మొదలైంది. బావది కూడా పోయింది. కంపెనీ వదిలేటప్పుడు తాను వాడిన ల్యాప్‌టాప్‌ను అడిగి కొనుక్కుని తెచ్చుకున్నాడు, దాంతో ప్రాక్టీసు చేసుకుని ఇంటర్వ్యూలకు వెళతానన్నాడు. మొదట్లో రోజూ వెళ్ళేవాడు. తరవాత తరవాత వెళ్ళొచ్చిన రోజు ఏమైందో చెప్పడం మానేశాడు, ఆ తరవాత వెళ్ళడమూ తగ్గింది. నేను పొద్దున్నే తయారై ఆఫీసుకు బయలుదేరుతుంటే బావ వరండాలో పేపరు చదువుతూ కనబడేవాడు, నాకు చెప్పులు వేసుకోవడానికే సిగ్గుగా ఉండేది. అక్క మాత్రం ఏమీ ఎరగనట్టే ఉండేది. ఈసారి తప్పకుండా వస్తాదని ప్రతి ఇంటర్వ్యూకూ ముందు దేవుడి దగ్గర దీపం పెట్టేది.

అలాంటి రోజుల్లో ఒక శనివారం సాయంత్రం బావ నన్ను మేడ మీదికి పిలిచి, ఆ ల్యాప్‌టాప్‌ను శుభ్రంగా తుడిచి కొత్తగా చేసిపెట్టమని అడిగాడు. తానే చేసుకోగలడు గదా, నన్నెందుకు అని అడిగితే, ఈ మధ్య దాన్ని ముట్టుకోబుద్ధి కావడం లేదన్నాడు. తెలిసినాయన ఒకరు దాన్ని కొనుక్కుంటానన్నారనీ, సోమవారం పొద్దున వచ్చి పట్టుకుపోతారనీ, ఆ తరవాత ప్రొద్దుటూరులో మేనమామ బట్టల అంగడిలో కూర్చోవడానికి మాట్లాడుకున్నాననీ నెమ్మదిగా చెప్పాడు. అక్కకు ఈ సంగతి తెలియదు. అన్నీ కుదిరాక తానే చెబుతాననీ, అంతవరకు నన్ను నోరెత్తొద్దనీ అడిగాడు. బావ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నేను సరేనన్నాను, కిందికి దిగేటప్పుడు మెట్లు కనబడలేదు నాకు, కళ్ళ నిండా నీళ్ళు.

ఆదివారం పొద్దున నేను డిస్కు బయటికి తీసేసరికి అక్క సంబరపడిపోయింది. బావకు ఏదో పెద్ద ఇంటర్వ్యూ ఉందని, అందుకే ల్యాప్‌టాప్ కొత్తది చేసుకుంటున్నాడని తానే అనుకుంది. మేమిద్దరం కాదనలేదు. అక్క తలంటు పోసుకుని, ఆయుధపూజకు కత్తిపీటనూ కుట్టుమిషన్నూ పెట్టినట్టే ఆ డిస్కును కూడా నన్నడిగి తీసుకుపోయి దేవుడి ముందు పెట్టి, గంధమూ కుంకుమా తడిపి బొట్టు పెట్టింది. అయితే డిస్కుకు ఒకవైపు అక్షరాలు ఉన్నాయి. అక్షరాల మీద బొట్టు అద్దితే సరస్వతిని కప్పేసినట్టవుతుందని ఆలోచించి, ఏమీ రాసిలేని రెండో వైపున, అద్దంలా తళతళలాడే వైపున పెట్టింది. హారతి అయ్యాక, లోపలికి పోయేది గదా మరకలు ఎందుకని, ఆ బొట్టును కొంగుతో శుభ్రంగా తుడిచి, రెండు చేతులతో తెచ్చి బావకు ఇచ్చింది. బొట్టు ఏ వైపు పెట్టిందో, దేంతో తుడిచిందో మాకు తరవాతే తెలిసింది. అప్పటికి బావ దాన్ని కళ్ళకద్దుకుని ల్యాప్‌టాప్‌లో పెట్టేశాడు.

పాతదంతా తుడిచిపెట్టమని చెప్పి మీట నొక్కింది నేనే. బావ ఆ క్షణంలో తల పక్కకు తిప్పుకున్నాడు. ఆయన కొన్నేళ్ళుగా రాసుకున్న ప్రోగ్రాములన్నీ అందులోనే ఉన్నాయి, ఒక్కటి కూడా దాచుకోలేదు, బట్టల అంగడిలో అవేం చేసుకోను అన్నాడు నాతో. పసుప్పచ్చ గీత మెల్లగా సగం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఫైలు చదవలేకపోతున్నానని తెర మీద రెండు వాక్యాలు పడ్డాయి. మళ్ళీ ప్రయత్నించమని నొక్కాను, మళ్ళీ అవే వాక్యాలు. డిస్కు లోపల గిర్రు గిర్రుమని తిరిగి నీరసంగా మూలిగేది. పాతది పోయింది, కొత్తది రాలేదు, ఆ ల్యాప్‌టాప్ ఆ క్షణానికి ఎందుకూ పనికిరాని వస్తువు. బావ నెత్తి మీద చేతులు పెట్టుకుని, నా వైపు చూసి, అక్క వింటోందన్నది మరిచిపోయి, "రేపు పొద్దున్నే ఆయన వస్తాడు గదా, చేతికేమిచ్చేది?" అన్నాడు.

అక్క గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఇంటర్వ్యూకు ఈయన వెళ్ళాలి గాని ఇంటికి ఎవరో రావడమేమిటని ఆమెకు అనుమానం రాకపోతుందా. బావను చూసింది, నన్ను చూసింది. ఇద్దరం తలలు వంచుకునేసరికి వచ్చి మా ముందు నేల మీద కూర్చుంది. అప్పుడు బావ చెప్పాడు. అమ్మకం సంగతీ, ప్రొద్దుటూరు సంగతీ, ఏ ఇంటర్వ్యూలో ఎవరు ఏమన్నారో, ఆఖరికి ఒకచోట తనకంటే చిన్నవాడు ఫైలు కూడా తెరవకుండా పంపించేశాడన్న సంగతీ, అన్నీ చెప్పాడు. చెప్పి, "పొద్దున లేస్తే నువ్వు దీపం పెట్టి ఈసారి వస్తాది, ఈసారి వస్తాది అంటాంటివి. ఇంగ రాదు అని నీకెట్ల చెప్పేది?" అన్నాడు.

అక్క కోపగిస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుని, "అమ్మితే అమ్ముదువులే. ఊరికి పోదామంటే పోదాం, ఊరేమన్నా మనల్ని వద్దంటాదా? నాకు చెప్పకుండా ఇంత దూరం ఒక్కనివే ఎట్ల వచ్చినావయ్యా?" అంది.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ చెంబు నిండా మజ్జిగ పట్టుకుని వచ్చింది. ఎప్పుడూ అంతే, తలుపు తట్టే అలవాటు లేని మనిషి. మమ్మల్ని ముగ్గురినీ చూసి, "ఏమైంది బిడ్డా, అందరు గిట్ల మొఖాలు ఏలాడేసుకొని కూసున్నరేంది?" అని అడిగింది. మిషన్ ఆగిపోయిందని నేనేదో నసిగాను. "గదాగితే గింత పరేషానా? ముందుగాల జర సల్ల తాగుండ్రి, ఇగ అదే నడుస్తది" అని మాకు గ్లాసుల్లో పోసి, తాగేదాకా కదలలేదు. ఆ మజ్జిగ తాగుతూనే నేను డిస్కు బయటికి తీసి కిటికీ వెలుతురుకు వంచి చూశాను. తళతళలాడే వైపున, కంప్యూటర్ చదివేది ఆ వైపునే, గంధం పొర ఎండిపోయి, గుండ్రంగా బొట్టు ఆకారం మసకమసకగా కనబడింది. ఇదెక్కడిదని అడిగితే అక్క ముఖం పాలిపోయింది. సరస్వతి సంగతి చెప్పి, అయ్యో నా చేతులతో నేనే చెడగొట్టినానా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ ఆమెనే చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. నెలల తరవాత నవ్వాడు మా బావ, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా నవ్వాడు, కాసేపటికి అక్కా నవ్వింది. పెద్దమ్మ, వీళ్ళకేదో అయిందన్నట్టు నన్ను చూసి ఖాళీ చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

డిస్కును సబ్బు నీళ్ళతో కడిగి, అక్క పాత నూలు చీర ముక్కతో అద్ది, ఆరబెట్టి మళ్ళీ పెట్టాను. ఈసారి గీత ఆగలేదు. కాని మేం ముగ్గురం దాన్ని చూడనేలేదు, నేల మీద కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఊరికి పోతే ఎలా, ఉంటే ఎలా, ఇంకో ఆరు నెలలు నా జీతం మీద ముగ్గురం గడపగలమా అని లెక్కలు వేసుకుని, ఆ ఆరు నెలలూ ఇక్కడే చూద్దామనుకున్నాం. అంతా అయిపోయి పచ్చగడ్డి గుట్టా నీలాకాశమూ తెర మీదికి వచ్చాక కూడా ఎవరమూ లేవలేదు. మరునాడు కొనడానికి వచ్చినాయనకు అక్క కాఫీ ఇచ్చి, వస్తువు ఇప్పుడు అమ్మడం లేదని మర్యాదగా చెప్పి పంపించింది. బావకు ఉద్యోగం వెంటనే ఏమీ రాలేదు, వచ్చినప్పుడు కూడా పాత జీతానికి తక్కువే. అయినా ఇక్కడే ఉండిపోయాం. ఇప్పుడు వాళ్ళు రాయదుర్గంలో మెట్రో స్టేషనుకు దగ్గర్లోనే ఉంటారు, బావ జుట్టు పూర్తిగా తెల్లబడింది, అక్క ఇప్పటికీ కొత్త వస్తువు ఏది వచ్చినా బొట్టు పెట్టే తీరుతుంది.

నాకు అప్పుడప్పుడూ ఒక ఆలోచన వస్తూ ఉంటుంది. ఆ రోజు అక్క కొంగుతో ఇంకాస్త గట్టిగా తుడిచి ఉంటే డిస్కు ఆగేదే కాదు. సాయంత్రానికి బావ ఆ ల్యాప్‌టాప్‌ను సంచిలో సర్ది, అక్కకు ఏదో ఒక అబద్ధం నవ్వుతూ చెప్పి, అన్నీ కుదుర్చుకున్నాక ఊరికి టికెట్లు తెచ్చి చేతిలో పెట్టేవాడు. అక్క మారుమాట లేకుండా సామాను కట్టేది. ఒక్కనివే ఎట్ల వచ్చినావని ఆమె అడిగిన ఆ ఒక్క మాట మాత్రం జీవితాంతం ఆమె కడుపులోనే ఉండిపోయేది.

ఇప్పటి యంత్రాలు ఎక్కడా ఆగవు, ఎవర్నీ పక్కన కూర్చోమనవు. పని సులువైనందుకు నాకేమీ బాధ లేదు, ఆ నీలం తెర ముందు పోయిన నా ఆదివారాలన్నీ ఎవరిస్తారు వెనక్కి? అయితే ఈ అద్దాల మేడల్లో ఉద్యోగాలు ఊడడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఎవరో వచ్చి పట్టుకుపోతారట, సొంతదాన్ని తలుపు వేసుకుని తుడుచుకుంటారట, పక్క గదిలో ఉన్నవాళ్ళకు నెలలు గడిచాక గాని సంగతి తెలియదట. విన్నప్పుడల్లా నాకనిపిస్తుంది, ఆ పసుప్పచ్చ గీత కదిలినంతసేపైనా వాళ్ళ పక్కన ఎవరో ఒకరు, ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చుని ఉంటే ఎంత బాగుండునని.