నాలుగు సెకన్లలో వచ్చిన పర్మిట్

పైడితల్లిది విశాఖ దగ్గర పద్మనాభం అనే ఊరు. రోజూ పొద్దున్నే బస్సెక్కి, విశాఖ పోర్టు దగ్గర నూనె ట్యాంకులు శుభ్రం చేయించే ఒక కాంట్రాక్టు కంపెనీకి వచ్చేది. ఎనిమిదేళ్ళు ఆమె చేసింది కాగితాలు మోసే పనే. ట్యాంకులోకి మనిషి దిగాలంటే పర్మిట్ ఉండాలి, దాని మీద సేఫ్టీ ఆఫీసర్ నీలకంఠం సంతకం ఉండాలి. ఆయన ఏ షెడ్డులో ఉన్నాడో వెతుక్కుంటూ ఎండలో తిరిగేది. కాగితం వచ్చేదాకా కూలీల ముఠా అంతా ఖాళీగా కూర్చునేది.

బస్సులో ఫోన్ చూసుకుంటూనే రెండేళ్ళలో ప్రోగ్రాములు రాయడం నేర్చేసుకుంది. ఒకరోజు ధైర్యం చేసి ఓనరు త్రినాథరావుతో, "ఈ పర్మిట్లకి చాట్‌బాట్ నాను కడతాను సార్, ఒక్క ఛాన్సివ్వండి" అంది. మూడు నెలల్లో కట్టింది కూడా. మేస్త్రీ ఫోన్లో పనేమిటో, ఎక్కడో, ఎవరు దిగుతారో రాస్తాడు. అది నీలకంఠానికి చేరుతుంది. ఆయన 'ఓకే' గానీ 'వద్దు' గానీ నొక్కితే మేస్త్రీకి వెంటనే కబురు. మొదటి రోజు అందరూ చప్పట్లు కొట్టారు. పైడితల్లికి కళ్ళు చెమర్చాయి.

నాలుగో రోజు పొద్దున, గ్యాస్ పరీక్ష గురించి కొత్త ప్రశ్న ఒకటి చేర్చింది. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని ఒక ఉత్తుత్తి పర్మిట్ రాసింది. ఏడో నంబరు ట్యాంకు. దిగే మనిషి, ముఠాలోని దుర్గారావు. గ్యాస్ పరీక్ష: చెయ్యలేదు. అది తన ఫోనుకే రావాలి. ఆ మార్పు చెయ్యడం మర్చిపోయింది; అది నేరుగా నీలకంఠానికి వెళ్ళిపోయింది.

తప్పు తెలిసి చెరిపేద్దామనుకునేలోపే తెర మీద పచ్చ గుర్తు పడింది. ఓకే! నాలుగు సెకన్లు కూడా పట్టలేదు.

 ఆ పూట ఏడో ట్యాంకు పని చూసే మేస్త్రీ దొరబాబుకి కబురు వెళ్ళిపోయే ఉంటుంది. ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. ట్యాంకుల దగ్గరికి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. గేటు దగ్గర కబురు చూసుకుని, ఫోన్ అక్కడి పెట్టెలో పడేసి లోపలికి వెళ్ళిపోయాడన్నమాట.

పరిగెత్తింది. చున్నీ ఎక్కడ జారిపోయిందో కూడా చూసుకోలేదు. ఏడో ట్యాంకు దగ్గరికొచ్చేసరికి దుర్గారావు మ్యాన్‌హోల్‌లో ఒక కాలు పెట్టేశాడు.

"బాబాయ్! దిగొద్దు! బయటికొచ్చీ!"

దొరబాబు తెల్లబోయాడు. "పర్మిట్ వచ్చింది కదమ్మా, ఏటయ్యింది?"

గ్యాస్ మీటర్‌ని తాడుకు కట్టి లోపలికి దింపించింది. మూరెడు దిగిందో లేదో, లోపల విషవాయువు ఉందని కీచుమని మోగడం మొదలెట్టింది. పైకి తీసేదాకా ఆగలేదు. దుర్గారావు మ్యాన్‌హోల్ నుంచి నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

అక్కణ్ణించి నేరుగా నీలకంఠం దగ్గరికి వెళ్ళింది. "గ్యాస్ చూడలేదని అందులోనే రాసుంది కదా సార్. ఎలా నొక్కీసేరు?"

నీలకంఠం చేతిలో ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. "రోజుకి డెబ్భై వస్తన్నాయి పైడితల్లీ. అన్నీ చూసేకే బాట్ నా దగ్గరికి పంపుతాదనుకున్నాను."

 పైడితల్లి కట్టిన యంత్రమే అన్నీ చూస్తుందని ఈ మనిషి చూడటం మానేశాడు. ఆమె వెనక్కి వెళ్ళి కాగితం మీద లెక్క తీసింది. మూడు రోజుల్లో రెండు వందల పన్నెండు పర్మిట్లు. 'వద్దు' ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆ కాగితం త్రినాథరావు ముందు పెట్టి, ముందుగా తన తప్పే చెప్పింది. ఆయన బాట్‌ని ఆ పూటే ఆపేయించాడు.

మళ్ళీ పది రోజులు కాగితాలు మోసింది. ఆ పది రోజుల్లోనే బాట్‌ని తిరగరాసింది. ట్యాంకు పనికి ఇప్పుడు 'ఓకే' బొత్తామే లేదు. నీలకంఠం స్వయంగా ట్యాంకు దగ్గరికి వెళ్ళి, మీటర్ అంకె రాసుకొచ్చి, గేటు దగ్గర ఫోన్లో కొట్టాలి; అప్పుడే పర్మిట్ వస్తుంది. మొదటి రోజే ఆయన మూడు పర్మిట్లు తిప్పి పంపాడు. ముఠా గొణిగింది. ఆయన పట్టించుకోలేదు.

దుర్గారావు వారం సెలవు పెట్టి వచ్చాడు. క్యాంటీన్ దగ్గర పైడితల్లి ఎదురుపడితే ఆగాడు.

"నువ్వు పరిగెట్టుకొచ్చేవు. ఆ మాట నాను మర్చిపోను. గానీ అంతమందిలో నా పేరే ఎందుకు రాసినావమ్మా?"

"లిస్టులో ముందు నీ పేరే ఉంది బాబాయ్."

అతను టీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఆఫీసుకి వెళ్ళి, ఉత్తుత్తి పర్మిట్లలో ఇక ఏ మనిషి పేరూ రాకుండా బాట్‌ని మార్చింది.