కేసు కాదక్కా, పేరు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు నన్ను ఈపూరు మండలంలోని ఒక సబ్‌సెంటరుకు ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు చూసుకునే నర్సుగా, బదిలీ చేశారు. సబ్‌సెంటరంటే నాలుగైదు ఊళ్ళకు కలిపి ఉండే చిన్న ఆరోగ్య కేంద్రం. అక్కడ డాక్టరు ఉండరు, ఏఎన్ఎందే బాధ్యత. ఊళ్ళో ఆశా కార్యకర్తలు మాకు తోడు. మా పనుల్లో మొదటిది గర్భిణుల నమోదు. మూడో నెల దాటకముందే వివరాలు తీసుకుని కంప్యూటర్లో ఎక్కిస్తే ఆ మనిషికొక నంబరు వస్తుంది. రక్తపరీక్షలు, ఇంజెక్షన్లు, పెద్దాసుపత్రికి పంపాలా వద్దా అన్న నిర్ణయం, అన్నీ దాని వెంటే నడుస్తాయి. పేరు ఎక్కని మనిషికి ఏదైనా అయితే మాకు తెలిసేసరికే ఆలస్యమైపోతుంది.

నేను చేరిన కొత్తలోనే ఆశా కార్యకర్త సువార్తమ్మ ఒక ఇంటి సంగతి చెప్పింది. ట్రాక్టరు మెకానిక్ మస్తాను భార్య షమీమ్‌కు ఏడో నెల వచ్చినట్టుందనీ, ఇంట్లోవాళ్ళు పరీక్షలకు రానివ్వడం లేదనీ. ఇద్దరం కలిసి వెళ్ళాం. గుమ్మంలోనే మస్తాను తల్లి ఖాసింబీ ఎదురైంది. మీ కోడల్ని నమోదు చేయాలి, ఆధార్ కార్డు ఇవ్వండి అన్నాను. ఆమె ముఖం మారిపోయింది.

"మా ఇంట్లో ఎవుర్నీ నమోదు చెయ్యాల్సిన పన్లా. పొండమ్మా" అని తలుపు వేసేసింది.

తలుపు మూసుకునేలోపు లోపల మంచం మీద కూర్చున్న షమీమ్ కనబడింది. పాదాలు బాగా ఉబ్బి ఉన్నాయి. నెలలతో ఉన్న మనిషికి అలాంటి వాపు మంచిది కాదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, తలుపు తీయలేదు. దిష్టి భయం కాబోలనుకున్నాం.

ఆ బుధవారం పిల్లలకు టీకాలు వేస్తుండగా ఖాసింబీ ఒక్కతే సెంటరుకు వచ్చింది. మోకాళ్ళ నొప్పులంటే మాత్రలిచ్చాను. తీసుకుంది గానీ కదలలేదు. తల్లులంతా వెళ్ళాక దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది.

"నర్సమ్మా, మా పిల్ల మీద కేసేందమ్మా? గడప దాటి ఎరగదు. ఏం జేసిందని దాన్ని నమోదు జేస్తన్నారు?"

ఆమెను బల్ల మీద కూర్చోబెట్టాను. నెమ్మదిగా అడిగితే చెప్పింది. అంతకు ముందు ఆమె చిన్న కొడుకు ట్రాక్టర్ల రిపేరు షెడ్డు దగ్గర ఏదో గొడవలో ఇరుక్కున్నాడు. కేసు నమోదైందని కానిస్టేబుల్ చెప్పాడు. వకీలు గుమాస్తా అదే మాటన్నాడు. పేపర్లోనూ అదే వేశారు. చివరికి కేసు కొట్టేశారు గానీ, వాయిదాలకు తిరిగినన్నాళ్ళూ ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. నమోదు అనే మాటకు ఆమెకు తెలిసిన అర్థం అదొక్కటే.

"కేసు కాదక్కా, పేరు రాయించుకోవడం. బళ్ళో పిల్లల పేరు రాయిస్తాం గదా, అట్టాగే. పేరు రాయిస్తే మేం కనిపెట్టుకుని ఉంటాం" అన్నాను.

ఆమెకు కోపం వచ్చింది.

"ఆ ముక్క మొన్నే చెప్పొచ్చు గదమ్మా! గుమ్మంలో నిలబడి పోలీసోళ్ళ మాట మాట్టాడితే నేనేమనుకోను? దానికి నాలుగు రోజుల్నించి చానా తలనొప్పి. మీ దగ్గరికి తేవాలంటే భయమేసింది."

వాపుకు తోడు తలనొప్పి అనగానే కోడల్ని వెంటనే తీసుకురమ్మన్నాను. తెచ్చింది. బీపీ చూస్తే బాగా ఎక్కువగా ఉంది. మూత్రపరీక్షలో ఆల్బుమిన్ అనే ప్రొటీను పడింది. ఇవి గుర్రపువాతం, అంటే గర్భిణులకొచ్చే ఫిట్సు, వచ్చే ముందు లక్షణాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన చెప్పిన మందు ఇచ్చి, 108లో నరసరావుపేట పంపే ఏర్పాటు చేసి, నేనూ ఎక్కాను. దారి పొడుగునా ఖాసింబీ కోడలి చెయ్యి వదల్లేదు. "పిల్ల బతుకుద్దా నర్సమ్మా?" అని ఒక్కసారే అడిగింది. టయానికే బయల్దేరామక్కా అన్నాను. అంతకు మించి మాట ఇచ్చే అధికారం నాకు లేదు.

ఆసుపత్రిలో కొన్నాళ్ళు మందులతో నెట్టుకొచ్చి ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, బరువు తక్కువ. కొన్ని రోజులు పసిపిల్లల వార్డులో ఉంచి పంపారు. ఇద్దరూ క్షేమంగా ఇంటికి చేరారు. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడి డాక్టరమ్మ అన్నారు.

ఆ తరవాత వాళ్ళ వీధిలో నేను ఎవరినీ బతిమాలాల్సిన అవసరం రాలేదు. "ముందు పోయి పేరు రాయించుకోండే" అని ఖాసింబీయే ఆడవాళ్ళను తోలేది.

నమోదు ఫార్సీ భాష నుంచి వచ్చిన మాట అనీ, దానికి కనబడటం అని అర్థమనీ చాలాకాలం తరవాత ఒక తెలుగు మాస్టారు చెప్పారు. మంచి అర్థమే. కానీ మాటకు నిఘంటువులో ఉన్న అర్థం ఒకటి, గుమ్మంలో నిలబడ్డ మనిషి విన్న అర్థం ఒకటి. మా ఉద్యోగంలో రెండోదే లెక్క. పర్యవేక్షకురాలినయ్యాక కొత్త ఏఎన్ఎంలకు ముందుగా అదే చెప్పేదాన్ని. నాకది శిక్షణలో ఎవరూ చెప్పలేదు. భయం ఉండి కూడా ఎదురుగా వచ్చి అడిగినందుకు ఖాసింబీకి నేను రుణపడి ఉన్నాను.