పుంగనూరు కాటా

కుప్పం బజారులో ఎలక్ట్రానిక్ కాటా కీచుమన్నప్పుడల్లా వెంకటరమణప్ప సారు గుర్తొస్తారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మదనపల్లెలో ఆయన నడిపిన చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేశాను. ఆయన ఎవరినీ నమ్మరు. కాఫీలో చక్కెర వేశామన్నా స్పూనుతో కలిపి చూసేవారు. నేనూ అనుమానప్పక్షినే, కాకపోతే నా అనుమానం ఎప్పుడూ ఎదుటివాళ్ల మీదే.

పుంగనూరులో ఒక టమోటా మండీకి తూకం ప్రోగ్రాం రాశాం. చాలా భాగం స్క్రిప్టు భాషలోనే. కాటా నుంచి అంకెలు తెచ్చే మాడ్యూల్ మాత్రం నేను సి భాషలో రాసి, కంపైల్ చేసి, దానికి తగిలించాను. మదనపల్లెలో చక్కగా నడిచింది. పుంగనూరులో పది పెట్టెలు తూచేసరికి ప్రోగ్రాం ఉన్నట్టుండి మూసుకుపోయి తెర మీంచి మాయమయ్యేది. కాటా దగ్గర కూర్చునే గుమాస్తా మునెప్ప, తూకాలు మార్చడానికి కాటా నుంచి కంప్యూటరుకు వచ్చే వైరు పీకుతున్నాడని తేల్చేశాను. తేల్చి ఊరుకోక మండీ సావుకారుకు ఫోన్లో చెప్పాను. శనివారంతో అతణ్ణి పనిలోంచి మాన్పించేస్తానన్నాడాయన.

"వైరు పీకేది నువ్వు సూసినావామ్మా?" అన్నారు సారు.

"ఇంకెవరు సార్? ఆడ కూసునేది ఆయప్ప ఒక్కడే."

"స్క్రిప్టులో తప్పుంటే ఏ లైనో సెప్పి సస్తాది. ఇది నోరు తెరవకుండా సస్తాండాది. అట్ల సచ్చేది నీ సి ముక్కే. నీ మింద నీకు అనుమానం రాలేదు యాల?"

ఒళ్లు మండింది. వాదించాను. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని పుంగనూరు బస్సెక్కారు. మండీలో నా మాడ్యూల్ తీసేసి, తూకాలు చేత్తో టైపు చేయించారు. ఎన్ని పెట్టెలు దాటినా ప్రోగ్రాం నిలబడింది. మళ్లీ తగిలించగానే మా కళ్లముందే పోయింది. వైరు జోలికి ఎవరూ పోలేదు.

సారు మాత్రం కాటానే చూస్తున్నారు. మునెప్ప ఒక పెట్టె దించకముందే రెండోది పైకి నెట్టిస్తున్నాడు.

"యాల అట్ల?"

"బోణీ అయినంక కాటా ఖాళీగా ఉండకూడదప్పా. మా మండీలో అందరిదీ ఇదే పద్ధతి." తర్వాత నా వైపు తిరిగాడు. "వైరు ఆడనే ఉండాది మేడమ్. కావాలంటే రోజూ పూలేసి పూజ సేస్తా."

తూకం సున్నాకు దిగినప్పుడే పాత అంకెలు తుడిచేసేలా రాసింది నేను. అక్కడ సున్నా రాదు. అంకెలు పోగుపడి, నేను కేటాయించిన చోటు నిండి, పక్కనున్న మెమరీని తొక్కేసేవి. మదనపల్లెలో ఒక పెట్టె దించాకే ఇంకోటి పెట్టి తూచి చూసుకుని సంబరపడ్డాం.

ఇప్పుడే సరిచేస్తానని కీబోర్డు లాక్కున్నాను. సారు చేయి అడ్డం పెట్టారు.

"అది మల్ల. ముందు సావుకారుకు సెప్పు, తప్పు నాదని."

"ఫోన్ చేస్తా సార్."

"ఆయప్ప మింద సెప్పింది గూడా ఫోన్లోనే. ఈ తూరి మొగం సూపించి సెప్పు."

చెప్పాను, మునెప్ప ఎదుటే. అతని పని పోకుండా నిలిచింది. నాతో మాత్రం అతను ఆ తర్వాత ఎన్నడూ మాట్లాడలేదు.

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్లు "వాడేవాళ్లకు చేతకాదు మేడమ్" అంటే, నువ్వు రాసిన ముక్క తీసేసి చూశావా అని అడుగుతాను. అది చూసేదాకా నా గదిలో ఎవరి పేరూ ఎత్తనివ్వను.