అమ్మమ్మ పేర్చిన మూడు వేల ఏళ్ల గోడ

మూడు వేల ఏళ్ల కిందట గోడ కట్టి, ఇవాళ్టికీ తన గొర్రెల్ని తనే కాసుకుంటున్న మనిషి భూమ్మీద మా నెస్టా అమ్మమ్మ ఒక్కతే. ఈ మాట నాది కాదు, సర్కారుది. కాగితం మీద దాదాపు రాసేశారు కూడా.

వేల్స్‌లో మా కొండపొలంలో పూర్వకాలపు గుండ్రటి ఇళ్ల మొండిగోడలు ఐదున్నాయి. మోకాలెత్తు రాళ్ల వలయాలు. రక్షిత స్థలం, రాయి కదిపితే కేసు. గొర్రెలకి ఈ సంగతి తెలీదు. పోయిన మార్చిలో మా పొట్టేలు ఒక వలయం మీదికెక్కి దూకి, ఓ పక్క కూల్చేసింది. అమ్మమ్మ యాభై ఏళ్లుగా మట్టీ సున్నం లేకుండా రాతిగోడలు పేరుస్తోంది. పడిన రాయిని చూసి ఊరుకోవడం ఆవిడ చేతులకి రాదు. టీ చల్లారేలోపు పేర్చేసింది.

మే నెలలో పురావస్తు అధికారి ఎమ్రిస్ గారు తనిఖీకి వచ్చారు. సరిగ్గా అక్కడే ఆగారు.

"చూశారా నెస్టా గారూ! మూడు వేల ఏళ్లయినా చెక్కుచెదరలేదు. పనంటే ఇదీ!"

అమ్మమ్మ గొర్రెల వైపు చూసింది. "ఏదో, ఉందిలెండి."

ఆయన కలం తీసి 'మూడు వేల ఏళ్లు' అని రాసుకున్నారు. అమ్మమ్మ నోరు మూసుకుంటే గండం గడిచేది. నేను ఆవిడ మోచెయ్యి కూడా పట్టుకున్నాను. అంతలో ఆయన వంగి చూశారు.

"ఇక్కడ మాత్రం సందు మీద సందు పడింది. పై రాయి కింది రెండింటినీ కలిపి పట్టలేదు. పాపం, ఎవరో నేర్చుకునేవాడి చెయ్యి."

మా కొండల్లో గోడ కట్టేవాళ్లని దొంగ అన్నా సర్దుకుంటారు. సందు మీద సందు అంటే సర్దుకోరు.

"నేర్చుకునేవాడా? ఆ రోజు వడగళ్లు పడుతున్నాయి బాబూ! ఆ వానలో నువ్వు పేర్చు, చూద్దాం!"

ఎమ్రిస్ గారు 'మూడు వేల ఏళ్లు' కొట్టేసి 'మొన్న మార్చి' అని రాసుకున్నారు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఈసారికి కేసు లేదు. ఇకమీదట ఒక్క రాయి ముట్టుకున్నా ఉంటుంది. ఆవిడ పేర్చినవి కూడా ఎక్కడివక్కడే ఉండాలి. అంటే, ఇప్పుడు ఆ సందుకి కూడా సర్కారు రక్షణే.

కేసు లేదన్నందుకు అమ్మమ్మ సంతోషించలేదు. "సరిచెయ్యడం రెండు నిమిషాల పనిరా! వచ్చేపోయే ప్రతివాడూ దాన్నే చూస్తాడు" అంది. వారం పాటు గొర్రెల్ని అటు తోలలేదు.

ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

"సందు మీద సందు. విప్పి మళ్లీ కట్టరా. నీదాన్ని ముట్టుకోవద్దని ఎవరూ ఉత్తరం రాయలేదుగా."