లచ్చక్క గూట్లో మిగిలిన పిడుదుల మందు

నిన్న పొద్దున మల్లేశం బావ ఫోన్ చేసి అక్క పోయిందన్నాడు.

ఏ అక్క అని అడిగాను.
నాకున్నది ఒక్కతే. అయినా అడిగాను.

మా లచ్చక్క. దంతాలపల్లి దగ్గరి ఊళ్లో మేకలు పెంచుకుని బతికింది. జనగామలో నా డిగ్రీ ఫీజులు కట్టింది కూడా ఆ మేకలు అమ్మే.

వాళ్ల వాడలో మేకలకు పట్టి నెత్తురు పీల్చే పిడుదుల మందు పెద్ద డబ్బా అందరూ కలిసి కొంటారు. ఎవరి వాటా వాళ్లు ఇంట్లో ఉన్న ఖాళీ సీసాలో పోయించుకుంటారు. మేకలకు పూశాక మిగిలింది ఎవరూ పారేయరు. తెచ్చి అక్కకిస్తారు.

అక్క ఇంట్లో గోడ గూడు ఈ మందుల గోడౌన్. ఏ మేకకు కడుపు ఉబ్బినా, ఏ కుక్కకు పుండు పడినా అక్కడికే వచ్చేవాళ్లు. మెడికల్ షాపు పెట్టుకో అక్కా, బోర్డు నేను రాయిస్తా అని ఏడిపించేవాణ్ణి. నవ్వేది.

సీసాలకు లేబుళ్లు ఉండవు. మెడకు గుడ్డ పీలిక కట్టేది. ఎర్రది పిడుదులకు, పచ్చది పురుగులకు.

మొన్న గోడకు సున్నం వేయాలని అన్నీ కిందికి దించింది. ఎర్ర పీలిక ఊడిపోయింది.
ఆ మందు ఉన్నది దగ్గు సిరప్ సీసాలో.
అక్కకు దగ్గు తగ్గట్లేదు. సీసా ఎత్తి గుక్కెడు తాగేసింది.

ఆటోలో మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోతుంటే బావతో అన్న ఆఖరి మాట:

"మిగిలింది పారబొయ్యకు. రాజవ్వ మ్యాకలకు కావాలె."

తనను చంపుతున్న మందు గురించి అంది ఆ మాట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంకా పోలేదు.

ఈ పొద్దున బావ ఆ సీసా పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఎవరో కాలువలో పోయమన్నారు. మేకలు తాగేది ఆ నీళ్లే.

"పారబొయ్యద్దన్నది బామ్మర్దీ. మరి ఏం జెయ్యాలె?"

పక్కింటి రాజవ్వ అక్కడే ఉంది. తల ఎత్తలేదు.

పశువుల డాక్టర్‌కు ఫోన్ చేశాను. మోరీలో పోయొద్దు, కాల్చొద్దు, మూతలు బిగించి కవర్లో పెట్టి తెమ్మన్నాడు. తమ దవాఖాన మందుల చెత్తతో పాటు పంపిస్తాడట. గూడంతా ఖాళీ చేశాను. ఇప్పుడు బయల్దేరుతున్నాను.

మీ ఇంట్లో ఇలాంటి సీసా ఉంటే ముందు లేచి దాన్ని తీయండి. లైక్ తర్వాత కొట్టొచ్చు.

అక్కా, ఎప్పుడూ నీ మాట కాదనలేదు. ఈ ఒక్కటి వినను.
రాజవ్వ మేకలకు కొత్త మందు నేను కొనిస్తాను.

నువ్వు నిమ్మళంగా ఉండు.